మిల్లు నీటిని శుద్ధిచేయు సూక్ష్మజీవులు

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల గ్రామపంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



మీ ప్రాంతమున ధాన్యము గురించి ఎవరును మీకు చెప్పవలసిన పని లేదు. విత్తనము మొదలు మిల్లు వరకు దాని కథ మీకు తెలిసినదే. మిల్లులో ధాన్యము బియ్యమైన పిమ్మట ఊక బాయిలరునకు పోవును, తవుడు నూనె మిల్లునకు పోవును, నూకకు కూడ బేరగాడు వచ్చును. ధాన్యమును నానబెట్టిన నీటి కొరకు మాత్రము ఎవరును రారు. అది మిల్లు గోడ దాటి కాలువలోనికో, వాగులోనికో, కుంటలోనికో పోవును. అచ్చట నుండి దాని బాధ్యత పంచాయతీదగును. ఆ నీటిని శుద్ధిచేయగల కొన్ని సూక్ష్మజీవులను గురించియు, వాటి చేత పనిచేయించుటలో మీ పాత్రను గురించియు నేడు ముచ్చటింపదలచితిమి.

ఉప్పుడు బియ్యము ఇచ్చట ఏల?

నాగార్జునసాగరు ప్రాజెక్టునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలబడినది. లాల్ బహదూర్ కాలువ అని పేరుగల ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల మెట్టభూములను మాగాణి చేసినది. 1963లో పూర్తియైన మూసీ ప్రాజెక్టు సూర్యాపేట వైపు భూములను తడిపినది. పంట పెరిగినది, పంటతోపాటు మిల్లులును పెరిగినవి. నేడు మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు దేశమంతట పేరున్నది.

ఈ మిల్లులలో ఉప్పుడు బియ్యము తయారుచేయునవి అనేకము. దీనికి కారణము మన ఎండయే. యాసంగి ధాన్యము ఎండలు ముదిరిన తరువాత చేతికి వచ్చును. దానిని పచ్చిగా ఆడించినచో గింజ పగిలి నూక ఎక్కువగును. నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడించినచో గింజ గట్టిపడి నిండు బియ్యము దిగును. పూర్వము చల్లని నీటిలో రెండు మూడు దినములు నానవేసెడివారు. బియ్యమునకు దుర్వాసన పట్టెడిది. వేడినీటిలో కొన్ని గంటలు మాత్రమే నానవేయు పద్ధతిని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ప్రచారములోనికి తెచ్చినది. ఏ పద్ధతియైనను, ఒక టన్ను ధాన్యమునకు ఇంచుమించు వెయ్యి లీటర్లు, కొన్నిచోట్ల అంతకు మించియు, వాడిన నీరు బయటకు వచ్చును. రోజునకు 100 టన్నులు నానవేయు మిల్లు నుండి లక్ష లీటర్లు వచ్చునన్నమాట.

ఈ నీటిలో నున్న దోషమేమి?

దీనిలో విషము లేదు. గింజ నుండి దిగిన చక్కెరలు, పిండిపదార్థము, మాంసకృత్తులు, భాస్వరము, పైపొట్టు రంగు ఉన్నవి. ఇది నిజమునకు గంజివంటి ఆహారము. ఆహారమగుటయే దీని దోషము. చెరువులో పడగానే గాలి పీల్చు సూక్ష్మజీవులు దీనిపై బడి తినుచు, నీటిలో కరిగియున్న ప్రాణవాయువును ఖర్చుచేయును.

ఈ ఖర్చును కొలుచుటకు ఇంజనీర్లు ‘బి.ఓ.డి.’ అను లెక్క వాడుదురు. ఒక లీటరు మురికినీటిలోని పదార్థమును తినివేయుటకు సూక్ష్మజీవులకు ఎన్ని మిల్లీగ్రాముల ప్రాణవాయువు కావలయునో అది తెలుపును. మన దేశములో ఈ పరీక్షను 27 డిగ్రీల వేడిమి వద్ద మూడు దినములు జరుపుదురు. ఉప్పుడు బియ్యపు నీటికి ఈ అంకె వెయ్యి దాటుట సాధారణము. 1,200 అనుకొందము. మన వాతావరణములో మంచి చెరువు నీరు ఒక లీటరులో ఏడు, ఎనిమిది మిల్లీగ్రాములకు మించి ప్రాణవాయువును దాచుకొనలేదు. కావున ఒక లీటరు మిల్లు నీరు సుమారు 160 లీటర్ల మంచినీటిలోని ప్రాణవాయువును పూర్తిగా మింగివేయగలదు. పదునైదు లీటర్లు పట్టు ఒక్క బిందెడు నీరు 2,400 లీటర్ల చెరువు నీటిని చేపలకు పనికిరాకుండ చేయును.

మరియొక విధముగ చెప్పుదము. ఒక మనిషి మలమూత్రముల వలనను, వాడుక నీటి వలనను రోజునకు సుమారు 45 గ్రాముల బి.ఓ.డి. కలుగునని ఇంజనీర్లు లెక్కకట్టుదురు. లక్ష లీటర్ల మిల్లు నీటిలో 120 కిలోలుండును. ఆ ఒక్క మిల్లు 2,600 మందికి పైగా జనమున్న గ్రామపు మురుగుతో సమానము. మీ గ్రామము ప్రక్కన కంటికి కనబడని మరియొక గ్రామము వెలసినట్లే భావింపుడు. ఆ గ్రామమునకు ఇంటిపన్ను రిజిస్టరు లేదు, మురుగు కాలువ మాత్రము మీదే.

ప్రాణవాయువు తరిగిన నీరు నల్లబడును, కుళ్ళిన గుడ్ల వాసన వేయును, దోమలకు నిలయమగును. ఆ నీరు నిలిచిన గుంట ప్రక్క బావి యున్నచో రంగు, వాసన బావికిని దిగును.

గాలి అక్కరలేని జీవులు

ఇక అసలు విషయమునకు వత్తుము. నాటు వేయుటకు దమ్ము చేసిన మడిలో కాలు పెట్టినప్పుడు బురదలో నుండి బుడగలు పైకి లేచుట మీలో చూడనివారుండరు. నీరు నిలిచిన బురదలోనికి గాలి చొరదు. అయినను అచ్చట జీవము ఆగదు. గాలి అక్కరలేని సూక్ష్మజీవులు అచ్చట వ్రేళ్ళను, గడ్డిని, ఎరువును కుళ్ళబెట్టుచుండును. ఆ బుడగలలో నున్నది మీథేను వాయువు. ఇటలీ దేశములో వోల్టా అను శాస్త్రజ్ఞుడు 1776లో ఒక సరస్సు బురద నుండి ఈ వాయువును పట్టి, మండించి చూపెను. మన ఇండ్లలోని గోబరు గ్యాసు ఇదియే. మరుగుదొడ్డి సెప్టిక్ టాంకులో పనిచేయునవియు ఈ జాతి జీవులే. ఇవి మీకు క్రొత్తవి కావు, మీ పెరటిలోనే ఉన్నవి.

వీటి పని నాలుగు చేతుల మీదుగ నడచును. మొదటి జట్టు పిండి, మాంసకృత్తులు మొదలగు పెద్ద పదార్థములను నీటిలో కరుగు చిన్న ముక్కలుగ విరుచును. రెండవ జట్టు ఆ ముక్కలను పులియబెట్టి ఆమ్లములుగ మార్చును. మూడవ జట్టు ఆ ఆమ్లములను ప్రధానముగా సిరకాలోనుండు ఆమ్లముగను, ఉదజని వాయువుగను చేయును. నాలుగవ జట్టు వీటిని తిని మీథేనును విడుచును. ఈ నాలుగవ జట్టును చిరకాలము బాక్టీరియాలనియే తలచిరి. అవి బాక్టీరియాల కంటె వేరైన, మిక్కిలి ప్రాచీనమైన జీవశాఖకు చెందినవని 1977లో అమెరికా శాస్త్రజ్ఞుడు కార్ల్ వూస్, ఆయన సహచరులు నిరూపించిరి.

పంచాయతీ సభ్యులు గుర్తుంచుకొనదగిన విషయ మొకటి ఇందులో నున్నది. మొదటి రెండు జట్లు వేగముగా పనిచేయును, నాలుగవది నెమ్మదిగా పెరుగును. నీరు ఒక్కసారిగ ఎక్కువై మీద పడినచో ఆమ్లము పేరుకొనును. పులుపు పెరిగిన కొలది నాలుగవ జట్టు నీరసించును, అది నీరసించిన కొలది పులుపు ఇంకను పెరుగును. ఇట్లు తొట్టి ‘పులిసిపోయి’ మూలబడును. శుద్ధి యంత్రములు చెడిపోవుటకు ముఖ్యకారణములలో ఇది యొకటి.

వాటిని పనిలో పెట్టు విధానము

ఈ జీవులను పరిశ్రమల నీటిపై ప్రయోగించుటకు హాలెండు దేశములో లెట్టింగా అను ఇంజనీరు 1970 దశాబ్దములో ఒక చక్కని తొట్టిని రూపొందించెను. మురికినీరు తొట్టి అడుగు నుండి ప్రవేశించి గంటకు ఒక మీటరునకు మించని నెమ్మదితో పైకెక్కును. అడుగున సూక్ష్మజీవులు ఆవగింజలంతటి గుళికలుగ కూడి ఒక పరుపు వలె నుండును. నీరు ఆ పరుపు గుండా పోవునప్పుడు అవి అందులోని పదార్థమును తినును. పైన కప్పువంటి అమరిక గ్యాసును ఒక గొట్టములోనికి మళ్ళించును. బరువైన గుళికలు తిరిగి అడుగునకు జారును. తేటనీరు అంచులనుండి పొరలి బయటకు పోవును. దీనిలో కదలు భాగములు లేవు, గాలి ఊదు మోటార్లు లేవు.

ఈ తొట్టి మన దేశమునకు పరాయిది కాదు. గంగానది ప్రక్షాళన పథకము క్రింద కాన్పూరులోని జాజ్‌మవులో 1989లోనే రోజునకు 50 లక్షల లీటర్ల తొట్టి పనిచేయ మొదలిడినది. మూసీ నదిపై హైదరాబాదులో అంబరుపేట వద్ద రోజునకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల మురుగును, నాగోలు వద్ద 17 కోట్ల 20 లక్షల లీటర్లను శుద్ధిచేయుటకు ఈ పద్ధతితోనే కేంద్రములు నిర్మింపబడినవి. ఆ మూసీయే సూర్యాపేట ప్రక్కగ ప్రవహించి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియుచున్నది. హైదరాబాదు మురుగుపై ఈ జీవులు ఎంత బాగుగ పనిచేసిన మీ నదికి అంత మేలు. మీ మిల్లు నీటిపై ఎంత బాగుగ పనిచేసిన మీకు దిగువనున్న గ్రామములకు అంత మేలు.

లాభనష్టముల లెక్క చూతము. ఇంతకుముందు చెప్పిన లక్ష లీటర్ల నీటిలో ఆక్సీకరణము చెందగల పదార్థము మొత్తము 240 కిలోలని అనుకొందము. బాగుగ నడచు తొట్టి ఇందులో నూటికి 80 వంతులు, అనగా 192 కిలోలు, తీసివేయును. ఒక కిలోకు 0.35 ఘనపు మీటరు చొప్పున 67 ఘనపు మీటర్ల మీథేను వచ్చును. అది వంటగ్యాసు సిలిండర్లు మూడున్నరకు సమానమైన వేడిమి. ఇదే పనిని గాలి ఊది చేయించినచో విద్యుత్తు ఖర్చగుటయే గాక, రోజునకు 80 కిలోల దాక ఎండు బురద మిగులును, దానిని పారవేయు చోటు వెదకవలెను. గాలి అక్కరలేని పద్ధతిలో మిగులు బురద 20 కిలోలకు మించదు. తిన్న తిండిలో అధికభాగము గ్యాసుగ వెళ్ళిపోవుటయే దీనికి కారణము.

జీవుల కోరికలు

పశువునకు వలెనే వీటికిని మేత, వేడిమి, మంచి నీరు వేళకు అమరవలెను. 30 నుండి 38 డిగ్రీల వేడిమిలో ఇవి చురుకుగ నుండును. ఇందు మన వాతావరణము అనుకూలము. అయితే నానబెట్టిన తొట్టి నుండి పొగలు గ్రక్కుచు వచ్చు నీటిని సూటిగ వదలరాదు, ముందు చల్లార్చవలెను. పులుపు తీరుటకు సున్నము కలుపవలెను. ఒకరోజు వరదగను, మరొకరోజు ఎండుగను గాక, ఒక నిలువ తొట్టిలో చేర్చి సమముగా పంపవలెను. తొట్టి కడుగు రసాయనములు, చంపెడు మందులు ఇందులో పడరాదు.

మిల్లులు ఏడాది పొడవున ఒకే జోరున నడువవు. వానకాలపు, యాసంగి కోతల వెంట పని ముమ్మరమగును, తరువాత తగ్గును. మేత లేని నెలలలో జీవులు చచ్చునేమో యని కొందరు శంకింతురు. గుళికలుగ కూడిన జీవులు నెలల తరబడి పస్తుండి, మేత రాగానే తిరిగి లేవగలవు. అయితే లేచిన మొదటి దినముననే పూర్తి బరువు మోపరాదు. నీటిని కొద్దికొద్దిగ పెంచుచు పోవలెను. క్రొత్త తొట్టికి, పనిచేయుచున్న మరియొక తొట్టి బురదను తోడు వేసినచో పెరుగు తోడుకొన్నట్లు త్వరలో పట్టుకొనును. తోడు లేనిచో పేడనీటితో మొదలిడి రెండు మూడు నెలలు ఓపిక పట్టవలెను.

వాటి చేత కాని పనులు

ఈ జీవులను పొగడుచున్నాము గనుక, వాటి హద్దులను గూడ చెప్పుట మా విధి. మొదటిది: ఇవి పనిలో సింహభాగము చేయునే గాని ముగింపజాలవు. 1,200 నుండి 200 వరకు దించగలవు. చట్టము ప్రకారము నదులు, వాగులు, చెరువులలోనికి వదలు నీటికి బి.ఓ.డి. 30 మించరాదు, భూమిపై సాగునకు వదలు నీటికి 100 మించరాదు. కావున ఈ తొట్టి వెనుక గాలి ఊదు తొట్టి గాని, వెలుతురు తగులు లోతులేని మడుగులు గాని తప్పక ఉండవలెను. ఒక్క తొట్టి చూపి పని ముగిసినదనువారి మాట నమ్మరాదు.

రెండవది: ఇవి ఆహారమును తినును గాని ఉప్పును, లోహమును, ధూళిని తినవు. మేళ్ళచెరువు, మట్టంపల్లి వైపు సిమెంటు కర్మాగారముల ధూళికి వీటితో పని లేదు. మందుల కర్మాగారముల నీటిలో ఉప్పులు, ద్రావకములు మెండుగ నున్నచో ఈ జీవులే చచ్చును. పటాన్‌చెరు ప్రాంతమున పరిశ్రమల నీటి వలన నక్కవాగు పరిసర గ్రామముల పొలములు, బావులు చెడగా, ఆ వ్యవహారము 1990లో సుప్రీంకోర్టునకెక్కి, రైతులకు నష్టపరిహారము ఇప్పింపవలసి వచ్చినది. పరిహారపు సొమ్ము చేతికి వచ్చినను చెడిన బావి తిరిగి రాదు. మీ మిల్లుల నీరు అట్టిది కాదు, అది బాగుపడు స్వభావము గల నీరు. బాగుపడు నీటిని పాడుగ వదలుట మరింత అన్యాయము.

మూడవది ప్రాణముతో కూడిన విషయము. తొట్టిలోని గ్యాసు మండునది. దానితోపాటు వచ్చు హైడ్రోజన్ సల్ఫైడు మనిషిని క్షణములలో పడవేయును. మొదట వాసన వేసి, హెచ్చినప్పుడు ముక్కును మొద్దుబార్చి, వాసన లేదను భ్రమ కలిగించును. ఒకడు పడిపోగా అతనిని లాగుటకు దిగిన రెండవవాడును పడుట మన దేశమున మరల మరల జరుగుచున్నది. సెప్టిక్ టాంకులను, మురుగుకాలువలను రక్షణ సాధనములు లేకుండ మనుష్యుల చేత శుభ్రముచేయించుట 2013 చట్టము ప్రకారము నేరము. మీ గ్రామములో ఏ కూలివానిని గాని ఇట్టి గుంటలోనికి దింపనీయకుడు. మీథేనును ఊరక గాలిలోనికి వదలుటయు తగదు. భూమిని వేడెక్కించుటలో అది నూరేండ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటె ఇంచుమించు 28 రెట్లు బలమైనది. వాడుకొనవలెను, లేదా మండించివేయవలెను.

పంచాయతీ చేయవలసినది

పరిశ్రమకు అనుమతి నిచ్చుటయు, దాని నీటిని పరీక్షించుటయు 1974 జలకాలుష్య నివారణ చట్టము క్రింద కాలుష్య నియంత్రణ మండలి పని. అయినను నీరు మొదట కనబడునది మీకే. కావున ఈ క్రింది పనులను మీరు చేయవచ్చును.

మీ గ్రామ పరిధిలోని ప్రతి మిల్లునకు మండలి ఇచ్చిన అనుమతి పత్రపు నకలు పంచాయతీ కార్యాలయమున నుంచుకొనుడు. మిల్లు ఇవ్వనిచో 2005 సమాచారహక్కు చట్టము క్రింద మండలిని అడుగవచ్చును. రోజునకు ఎంత నీరు వదలవచ్చునో, ఎచ్చట వదలవలెనో, ఏ ప్రమాణమునకు లోబడవలెనో అందులో వ్రాసియుండును. ఆ షరతులను గ్రామసభలో చదివి వినిపింపుడు.

మిల్లును చూడబోయినప్పుడు నాలుగు ప్రశ్నలడుగుడు. నీటిని చల్లార్చి నిలువచేయు తొట్టి ఎక్కడ? గ్యాసు ఎక్కడకు పోవుచున్నది? రెండవ అంచె తొట్టి నడచుచున్నదా? గత నెల పరీక్ష ఫలితమేమి? గ్యాసు రావడములేదను జవాబు వచ్చినచో జీవులు పనిచేయుటలేదని గ్రహింపుడు. మురికినీటిలో బోరునీరు కలిపి పలుచన చేసి అంకె తగ్గించు ఉపాయమును గూడ కనిపెట్టవలెను. పదకొండు రెట్లు నీరు కలిపినచో 1,200 అంకె 100 అగును గాని, వాగులో పడు మురికి ఒక్క గ్రాము తగ్గదు, పైగా భూగర్భజలము వృథా యగును.

వాగు నల్లబడినను, చేపలు తేలినను, అదే దినమున తేదీ, వేళ, స్థలము వ్రాసి, ఫొటో తీసి, తీర్మానముతో మండలి ప్రాంతీయ కార్యాలయమునకు పంపుడు. సీసాలో పట్టి రెండు దినములు ఎండలో నుంచిన నీరు పరీక్షకు పనికిరాదు. చట్టబద్ధమైన నమూనాను అధికారి యజమానికి తెలిపి, రెండు భాగములుచేసి, ముద్రవేసి తీయవలసియున్నది. కావున మీ పని అధికారిని వేళకు రప్పించుట.

మిల్లు యజమానులను శత్రువులుగ చూడవలదు. మీ ధాన్యమునకు గిరాకీ వారి వలన, వారి మిల్లులకు మేత మీ వలన. ఒంటరిగ తొట్టి కట్టజాలని చిన్న మిల్లులు ప్రక్కప్రక్కన నున్నచో, కలసి ఒక తొట్టి కట్టుకొనుటకు వారిని కూర్చుండబెట్టి మాట్లాడించుడు. శుద్ధియైన నీటిలో నత్రజని, భాస్వరము మిగిలియుండును. ప్రమాణమునకు లోబడినచో అది ప్రక్క పొలములకు పనికివచ్చును. ఏ రైతు తన పొలమునకు ఆ నీరు కోరునో, ఏ మిల్లు తన పరీక్ష ఫలితమును గేటు వద్ద బోర్డుపై వ్రాయునో, అచ్చట తగవులు తగ్గును.

నాలుగవ జట్టు నెమ్మదిగా పెరుగునని ఇంతకుముందు చెప్పితిమి. కోతలు ప్రారంభమై లారీలు మిల్లు ముందు బారులు తీరిన తరువాత తొట్టిని మేల్కొల్పబూనినచో, ఆ పంటకాలమంతయు మురికినీరే వాగున పారును. కనుక రాబోవు కోతలకు రెండు నెలలు ముందుగనే, మీ పంచాయతీ సమావేశపు కార్యక్రమ పట్టికలో ఈ విషయమును చేర్చి, మిల్లు యజమానులను ఆహ్వానించి, తొట్లు సిద్ధమైనవో లేదో చూడవలసినదిగా మిమ్ము కోరుచున్నాము.